రాజు రాష్ట్రపతి ఎలా అయ్యాడు? షాన్ సావ్‌ఫాల గురించి తెలిసినవాళ్ళు రాయండి

కోనసీమ రవి:
అందరికీ నమస్తే. బర్మా స్వాతంత్ర్యం గురించి చదువుతూ ఒకచోట ఆగిపోయాను. 1948 జనవరి 4న బర్మా రిపబ్లిక్ అయింది, మొదటి ప్రెసిడెంట్ సావ్ ష్వే థైక్. ఈయన యాంగ్‌హ్వే అనే షాన్ సంస్థానానికి వంశపారంపర్య పాలకుడు, బిరుదు సావ్‌ఫా, బర్మా వాళ్ళు దాన్నే సావ్‌బ్వా అంటారు. మన దగ్గర అదే ఏడాది నిజాం మీదకు సైన్యం వెళ్ళింది, అక్కడేమో రాజునే తెచ్చి రాష్ట్రపతి కుర్చీలో కూర్చోబెట్టారు. ఇది ఎలా సాధ్యమైంది? ఈ సావ్‌ఫాలు ఎంతమంది, వాళ్ళకి ఏ అధికారాలు ఉండేవి? ఎక్కడ చూసినా ముక్కలు ముక్కలుగానే దొరుకుతోంది.

పాతపటం:
రవి గారూ, మంచి ప్రశ్న, కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

బర్మాలో తూర్పు వైపు ఉన్న ఎత్తైన పీఠభూమి షాన్ రాష్ట్రం, విస్తీర్ణంలో ఇప్పటి ఆంధ్రప్రదేశ్ కంటే కొంచెమే చిన్నది. అక్కడ ముఖ్యమైన జనం షాన్‌లు, తమని తాము తై అని చెప్పుకుంటారు, థాయిలాండ్, లావోస్ వాళ్ళ భాషకి దగ్గరి చుట్టం వీళ్ళ భాష. లోయకొక వరి మాగాణి, మాగాణికొక పట్నం, పట్నానికొక పాలకుడు, అలా ఏర్పడ్డ సంస్థానాలు ఇంగ్లీషు వాళ్ళ కాలంలో ముప్పైకి పైనే. కెంగ్‌టుంగ్ ఒక్కటే దాదాపు 12 వేల చదరపు మైళ్ళు. కొన్ని మాత్రం పాతిక చదరపు మైళ్ళ పాటివి, మన దగ్గర మండలం కంటే చిన్నవి. అందుకని పాలకులందరూ ఒకే హోదాలో లేరు. పెద్దవాళ్ళు సావ్‌ఫాలు, వాళ్ళ కింద మ్యోజాలు, వాళ్ళకీ కింద వెండి రూపంలో శిస్తు కట్టే ంగ్వేగున్‌హ్ము అనే చిన్న పాలకులు. ఈ కింది రెండు పేర్లూ బర్మా రాజుల కొలువు నుంచి వచ్చినవే. మ్యోజా బాగా పనిచేస్తే, లేదా పైవాళ్ళకి నచ్చితే, సావ్‌ఫాగా ప్రమోషన్ ఇచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి.

ఇక మీ అసలు ప్రశ్న. 1947 నాటికి ఇంగ్లీషు వాళ్ళు వెళ్ళిపోవడం ఖాయమైంది. మైదాన బర్మాని వాళ్ళు ఒక విధంగా, కొండ ప్రాంతాలని వేరే విధంగా పాలించారు. కొండవాళ్ళు ఒప్పుకోకపోతే బర్మాకి మొత్తం దేశంగా స్వాతంత్ర్యం రావడం కష్టం, ఆ మాట లండన్ నుంచే వచ్చింది. అందుకే బర్మా స్వాతంత్ర్య ఉద్యమ నాయకుడు ఆంగ్ సాన్ పాంగ్‌లాంగ్ అనే షాన్ ఊరికి వెళ్ళి, షాన్, కచిన్, చిన్ నాయకులతో మాట్లాడి, 1947 ఫిబ్రవరి 12న ఒప్పందం చేసుకున్నాడు. షాన్‌ల తరఫున సంతకం పెట్టినవాళ్ళలో యాంగ్‌హ్వే, టాంగ్‌పెంగ్, ఉత్తర సెన్వీ, లైఖా, మాంగ్‌పాన్ సావ్‌ఫాలు ఉన్నారు. వాళ్ళు లేకుండా యూనియన్ లేదు, అదీ సంగతి. జులై 19న ఆంగ్ సాన్‌ని కాల్చి చంపినప్పుడు ఆయనతో పాటు ఆ తూటాలకి బలైనవాళ్ళలో మాంగ్‌పాన్ సావ్‌ఫా సావ్ శామ్ టున్ కూడా ఉన్నాడు. ఆ తర్వాత రాజ్యాంగ సభకి అధ్యక్షుడిగా ష్వే థైక్‌ని పెట్టుకున్నారు, స్వాతంత్ర్యం రాగానే ప్రెసిడెంట్‌ని చేశారు. ప్రధాని అయిన ఊ ను అనే నాయకుడు మైదానాల బర్మన్ జాతివాడు, ప్రెసిడెంట్ షాన్. కొత్త దేశం మీద కొండవాళ్ళకి నమ్మకం కలగడానికి వేసిన మొదటి అడుగు అది.

బర్మాక్యాంప్ లక్ష్మి:
విశాఖలో బర్మా క్యాంప్ నుంచి రాస్తున్నాను. మా తాతలు రంగూన్ నుంచి వచ్చేసినవాళ్ళే. మా అమ్మమ్మ ఆయన్ని ప్రెసిడెంట్ అనేది కాదు, "షాన్ రాజుగారు" అనేది. రంగూన్‌లో తెలుగువాళ్ళకి షాన్ అంటే ముందు గుర్తొచ్చేది షాన్ టీ, షాన్ బియ్యం, పెద్ద పెద్ద వదులు పంట్లాలు వేసుకుని కొండల నుంచి దిగే వ్యాపారులు. పాతపటం గారూ, 1962 గురించి కూడా రాయండి, మా వాళ్ళ కథ ఆ ఏడాదితోనే ముడిపడి ఉంది.

ఎర్రమట్టి:
రవి, ఈ పొగడ్తల ప్రవాహం ఎక్కువయ్యేలోపు ఇంకో వైపు కూడా చూడాలి. పాంగ్‌లాంగ్‌లో సంతకం పెట్టింది సావ్‌ఫాలు ఒక్కరే కాదు, షాన్ ప్రజల ప్రతినిధులు కూడా పెట్టారు. టిన్ ఎ, టున్ మ్యింట్ లాంటివాళ్ళు. వాళ్ళ సంస్థ పేరు షాన్ రాష్ట్రాల ప్రజా స్వాతంత్ర్య లీగ్, ఈ వంశ పాలన పోవాలని గట్టిగా కోరుకున్నవాళ్ళు. ఎందుకు కోరుకున్నారు? సావ్‌ఫానే పన్ను వేస్తాడు, సావ్‌ఫానే వసూలు చేస్తాడు, సావ్‌ఫానే జడ్జి. ఉత్సవాలప్పుడు జూదం నడుపుకోవడానికి పాటలు పెట్టి డబ్బు రాబట్టేవాళ్ళు, సంస్థానం ఖజానాకి అదొక ఆదాయం. రైతు పండగకి వచ్చి చేతిలో ఉన్నది ఊడ్చుకుని పోయేవాడు. మన దగ్గర జమీందారీ రద్దు, జాగీర్దారీ రద్దు కోసం ఎంతమంది కష్టపడ్డారో తెలిసినవాళ్ళం, షాన్ రైతు విషయంలో ఇంకో కొలత పెట్టుకోకూడదు.

శివసాగర్ ప్రసాద్:
నేను ఉద్యోగ రీత్యా అస్సాంలోని శివసాగర్‌లో ఉంటాను. ఇదే వంశవృక్షంలోని ఒక కొమ్మ మన దేశంలోనే ఉందని చాలామందికి తెలియదు, అది చెప్పడానికే రాస్తున్నాను.

1228లో సుకాఫా అనే తై రాకుమారుడు షాన్ సీమ వైపు నుంచి పత్కాయ్ కొండలు దాటి తన పరివారంతో బ్రహ్మపుత్ర లోయలోకి దిగాడు. 1253లో చరాయిదేవ్‌లో రాజధాని కట్టాడు. ఆయన వంశం ఆహోం వంశం, 1826లో బర్మాకీ ఇంగ్లీషు వాళ్ళకీ మధ్య జరిగిన యాండబో సంధి దాకా దాదాపు 600 ఏళ్ళు ఏలింది. వాళ్ళ రాజు బిరుదు కూడా చావ్‌ఫా, అస్సామీలో స్వర్గదేవ్. పేర్లు చూడండి, సుకాఫా, సుహుంగ్‌ముంగ్, సులిక్‌ఫా, అన్నీ సు తోనే మొదలు. మొదట్లో తమ దేవుళ్ళని తామే కొలుచుకున్నవాళ్ళు క్రమంగా హిందూ పేర్లు కూడా పెట్టుకున్నారు, అందుకే ఒకే రాజుకి రెండు పేర్లు, సుపాత్‌ఫా అన్నా గదాధర్ సింహా అన్నా ఒకరే.

నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది వారసత్వం. సింహాసనం మీద హక్కు సుకాఫా రక్తం ఉన్నవాడికే, కానీ ఆ రక్తం ఉన్న ఎవరిని కూర్చోబెట్టాలో తేల్చేది బురాగొహాయ్, బర్‌గొహాయ్, తర్వాతి కాలంలో బర్‌పాత్రగొహాయ్ అనే మహామంత్రులు. ఆ పదవులు కూడా వంశపారంపర్యమే, అంటే రాజవంశాన్ని అదుపులో పెట్టేవి మంత్రి వంశాలు. 1376 నుంచి 1380 దాకా, మళ్ళీ 1389 నుంచి 1397 దాకా రాజు లేకుండా మంత్రులే రాజ్యం నడిపారు, తగిన రాకుమారుడు దొరకలేదని. రాజు దేహం మీద మచ్చ గానీ అంగవైకల్యం గానీ ఉండకూడదని ఇంకో నియమం. దీని వల్ల ఘోరాలు జరిగాయి. 1679లో గద్దెనెక్కిన సులిక్‌ఫా, లోరా రాజా అంటారు, పోటీకి రాగల రాకుమారులందరినీ వెతికించి వికలాంగుల్ని చేయించాడు. గదాపాణి అనే రాకుమారుడు తప్పించుకుని పారిపోతే, అతని ఆచూకీ చెప్పమని భార్య జయమతిని చిత్రహింసలు పెట్టి చంపారు. ఆమె చెప్పలేదు. ఆ గదాపాణే తర్వాత గదాధర్ సింహాగా రాజయ్యాడు. ఇక్కడ ఇప్పటికీ జయమతి పేరు చెబితే చిన్నపిల్లలు కూడా కథంతా చెబుతారు.

చరాయిదేవ్‌లో ఆ రాజుల సమాధులు, మైదాంలు అంటారు, మట్టి దిబ్బల్లా వరసగా ఉంటాయి. 2024లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. ఈ వైపు వచ్చేవాళ్ళు కాజీరంగా చూసి వెనక్కి వెళ్ళిపోతారు, దయచేసి ఒక రోజు దీనికి కూడా పెట్టుకోండి.

కోనసీమ రవి:
ప్రసాద్ అన్నా, అద్భుతం. అయితే షాన్‌లలో కూడా ఇలాగే మంత్రులు ఎంచేవాళ్ళా? లేక మన సంస్థానాల్లో లాగా పెద్దకొడుక్కేనా?

పాతపటం:
పెద్దకొడుక్కే అన్న నియమం లేదు. వంశం నుంచే రావాలి, ఆ వంశంలో ఎవరు అన్నది మాత్రం ప్రతిసారీ ఒక పోటీయే. ష్వే థైక్ ఉదాహరణే తీసుకోండి. ఆయన ముందటి సావ్‌ఫా సర్ సావ్ మౌంగ్ కొడుకు కాదు, దగ్గరి బంధువు. 1927లో మంత్రుల సభ ఈయన్ని ఎంచింది, తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం ఆమోదించింది. ఆ సావ్ మౌంగ్ కథ ఇంకా రసవత్తరం. బర్మా రాజుల కాలంలో సావ్‌ఫా అయ్యాడు, 1886 గందరగోళంలో గద్దె పోయింది, సావ్ ఓన్ అనే దాయాది ఎక్కి కూర్చున్నాడు, ఇంగ్లీషు వాళ్ళు ముందు ఆ సావ్ ఓన్‌నే గుర్తించారు, 1897లో మళ్ళీ సావ్ మౌంగ్‌ని తెచ్చి కూర్చోబెట్టారు. లోపలి వాళ్ళు ఎంచాలి, పైవాడు ఒప్పుకోవాలి, రెండూ కుదిరితేనే గద్దె నిలుస్తుంది.

ఆ పైవాడు కాలాన్ని బట్టి మారాడు. బర్మా రాజులు ఉన్నప్పుడు సావ్‌ఫాలు బంగారు పూలు, వెండి పూలు కప్పంగా పంపాలి, కొడుకుల్ని కొలువులో పెరగడానికి పంపాలి, కూతుళ్ళని అంతఃపురానికి ఇవ్వాలి. కొడుకులు కొలువులో ఉన్నంతకాలం తండ్రి తిరగబడడు కదా. అయినా తిరగబడ్డారు. చివరి రాజు తీబా కాలానికి మాంగ్‌నాయ్, కెంగ్‌టుంగ్ సావ్‌ఫాలు ఎదురు తిరిగారు, కెంగ్‌టుంగ్‌లో బర్మా ప్రతినిధిని చంపేశారు కూడా. తీబాని రత్నగిరికి పంపేశాక ఇంగ్లీషు వాళ్ళు 1887లో పీఠభూమి ఎక్కారు. అందరికంటే ముందు లొంగింది సీపా సావ్‌ఫా. ఒక్కొక్కరికి ఒక సనదు ఇచ్చారు: ఇంత కప్పం కట్టాలి, అడవులూ గనులూ ప్రభుత్వానివి, సూపరింటెండెంట్ సలహా వినాలి, మిగతాది మీ ఆచారం ప్రకారం ఏలుకోండి అని.

గద్వాల మాధవి:
ఈ సనదు మాట వినగానే ప్రాణం లేచొచ్చింది, మా వైపు సంస్థానాల కాగితాల్లో అడుగడుగునా ఉండే మాట. గద్వాల, వనపర్తి రాజులు నిజాంకి పేష్కష్ కట్టేవాళ్ళు, లోపల పాలన తమదే. కొడుకులు లేకపోతే దత్తత, దత్తతకి పైవాడి అంగీకారం, మళ్ళీ అదే కథ. నాకు రెండు సందేహాలు. సావ్‌ఫాలని మన సంస్థానాధీశుల లెక్కలోకే వేశారా? ఇంకోటి, ఆడవాళ్ళ సంగతేంటి, రాణులకి ఏమైనా బిరుదు ఉండేదా?

పాతపటం:
మాధవి గారూ, మొదటిదానికి జవాబు తమాషాగా ఉంటుంది. మర్యాదల్లో సంస్థానాధీశులే. కెంగ్‌టుంగ్, సీపా, యాంగ్‌హ్వే, మాంగ్‌నాయ్ నలుగురికీ 9 తోపుల సలామీ. 1903 ఢిల్లీ దర్బారుకి షాన్ పాలకులు వెళ్ళారు. కెంగ్‌టుంగ్ సావ్‌ఫా ఇంతలెంగ్ అక్కడ మన రాజుల కోటలు చూసి, ఊరికి వెళ్ళాక అదే పోకడలో గుమ్మటాలతో పెద్ద కోట కట్టించుకున్నాడు. కానీ చట్టం ప్రకారం షాన్ సీమ బ్రిటిష్ ఇండియా భూభాగంలో భాగం, హైదరాబాద్, మైసూరుల్లా విడిగా లేదు. మర్యాద రాజుది, చట్టంలో స్థానం అంతకంటే తక్కువ. 1922లో అన్నింటినీ కలిపి సమాఖ్య షాన్ రాష్ట్రాలు అని చేసి, పాలకుల సభ ఒకటి పెట్టి, ఖజానాలో వాటా తీసుకుని రోడ్లు, ఆస్పత్రులు, బడులు ఒకచోటు నుంచి నడిపారు. దాంతో సావ్‌ఫా స్వతంత్రం ఇంకాస్త తగ్గింది. షాన్ సీమ ముఖ్యపట్నం టౌంజీలో 1902లోనే వాళ్ళ పిల్లల కోసం ప్రత్యేకంగా స్కూలు పెట్టారు, అక్కడ చదివినవాళ్ళే తర్వాత పాంగ్‌లాంగ్ దాకా వచ్చారు.

రెండోదానికి జవాబు మీకు నచ్చుతుంది. సావ్‌ఫా పట్టపురాణి బిరుదు మహాదేవి. అచ్చంగా మన మహాదేవే. బౌద్ధంతో పాటు పాళీ అక్కడి కొలువుల్లోకి వచ్చింది కదా, యాంగ్‌హ్వే సావ్‌ఫా పట్టాభిషేక నామం చూడండి: కంబోజరట్ఠ మహావంససిరి పవర మహాసుధమ్మరాజా. మన శాసనాలు చదివినవాళ్ళకి ఏ పరాయితనమూ అనిపించదు. ష్వే థైక్ మహాదేవి సావ్ నాంగ్ హెర్న్ ఖామ్, ఉత్తర సెన్వీ సావ్‌ఫాకి తోబుట్టువు. ఆమె 1956లో ఎన్నికల్లో గెలిచి పార్లమెంటుకి వెళ్ళింది.

చియాంగ్‌మాయ్ శేఖర్:
ఉద్యోగం కోసం థాయిలాండ్‌లో ఉంటున్నాను. ఇక్కడ ఇదే బిరుదుకి వేరే విలువ ఉంది. బ్యాంకాక్ రాజవంశంలో చావ్‌ఫా అంటే పాలకుడు కాదు, రాజుకి రాజవంశపు రాణి వల్ల పుట్టిన బిడ్డ. దాని కింద ఫ్రా ఒంగ్ చావ్, తర్వాత మోమ్ చావ్. అక్కడి నుంచి మోమ్ రాజవోంగ్, మోమ్ లువాంగ్, ఆ తర్వాతి తరం నుంచి మామూలు జనం. ప్రతి తరానికీ ఒక మెట్టు దిగుతుంది. రాజుకి ఎంతమంది పిల్లలున్నా కొన్ని తరాల్లో అందరూ జనంలో కలిసిపోయే ఏర్పాటు, నాకు చాలా తెలివైనదనిపిస్తుంది.

చియాంగ్‌మాయ్‌కి మాత్రం సొంత పాలకులుండేవాళ్ళు. 1296లో మంగ్రాయ్ కట్టిన ఊరు ఇది. కెంగ్‌టుంగ్ సావ్‌ఫాలు కూడా ఆ మంగ్రాయ్ వంశమే అని చెప్పుకుంటారు. బ్యాంకాక్ రాజు చులాలాంగ్‌కార్న్ ఈ ఉత్తరాది పాలకుల్ని తీసెయ్యలేదు, పక్కన కమిషనర్‌ని పెట్టి, పన్నులూ కోర్టులూ బ్యాంకాక్ చేతిలోకి తీసుకుని, జీతం ఇచ్చి కూర్చోబెట్టాడు. 1902లో ఫ్రే అనే ఇంకో ఉత్తరాది సంస్థానంలో షాన్‌లు తిరుగుబాటు చేశారు, ఆ తర్వాత ఫ్రే పాలకుడు లావోస్‌లోని లువాంగ్ ప్రబాంగ్‌కి పారిపోయాడు, ఆ గద్దె అంతటితో సరి. చియాంగ్‌మాయ్ చివరి పాలకుడు చావ్ కేయో నవరత్ 1939లో చనిపోయాక ఇంకెవర్నీ నియమించలేదు.

ఎర్రమట్టి:
శేఖర్ చెప్పింది ముఖ్యం. రాజుని తీసెయ్యడానికి రాజే చాలు, విప్లవం కూడా అక్కర్లేదు. సరే, 1959 సంగతి ఎవరూ రాయట్లేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

1947 రాజ్యాంగంలో జాతుల సభ అని ఎగువ సభ ఉంది, మొత్తం 125 సీట్లు, షాన్ రాష్ట్రానికి 25. ఆ 25 మందినీ ఎన్నుకునేది సావ్‌ఫాలే, తమలోంచి. ఒక్క రైతుకి ఓటు లేదు. ప్రజాస్వామ్యం పేరుతో రాసిన రాజ్యాంగంలో ఇలా ఉండటాన్ని ఎవరు సమర్థిస్తారో చెప్పండి. అందుకే 1959 ఏప్రిల్‌లో టౌంజీలో సావ్‌ఫాలందరూ వంశపారంపర్య అధికారాలు వదులుకుంటూ సంతకాలు పెట్టారు, పరిహారం తీసుకున్నారు. మన దగ్గర 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం, 1949లో హైదరాబాద్ జాగీర్ల రద్దు, 1971లో రాజభరణాల రద్దు వచ్చాయి. అక్కడ అదే పని జరిగింది. నా లెక్కలో అది మంచి పని, ఎవరు చేయించినా.

పాతపటం:
ఎర్రమట్టి గారూ, ఎవరు చేయించారన్నదే నాకు మింగుడు పడదు. 1959లో ఉన్నది సైన్యాధిపతి నే విన్ నడిపిన ఆపద్ధర్మ ప్రభుత్వం, అంటే సైన్యం. అంతకు ముందే చైనా నుంచి ఓడిపోయి వచ్చిన కొమింటాంగ్ దళాలు షాన్ సీమలో తిష్ఠ వేశాయి, వాటి పేరు చెప్పి 1952లో చాలా ప్రాంతాల్లో సైనిక పాలన పెట్టారు. షాన్ రైతుకి సావ్‌ఫా పోయి ఓటు రావడం ఒక దారి, సావ్‌ఫా పోయి కెప్టెన్ రావడం ఇంకో దారి. జరిగింది రెండోది.

ఇంకో సంగతి. అదే రాజ్యాంగంలో పదేళ్ళ తర్వాత యూనియన్ నుంచి విడిపోయే హక్కు షాన్, కరెన్నీ రాష్ట్రాలకి రాసి ఉంది. పదేళ్ళు 1958 జనవరితో నిండాయి. 1958 మేలో యువకులు నూమ్ సుక్ హాన్ పేరుతో ఆయుధాలు పట్టారు. సావ్‌ఫాలు పట్టలేదు. ష్వే థైక్, అప్పటి షాన్ రాష్ట్రాధినేతగా, దేశ విదేశాంగ మంత్రిగా పనిచేసిన మాంగ్‌మిట్ సావ్‌ఫా సావ్ ఖున్ ఖియో లాంటివాళ్ళు విడిపోవడం కాదు, నిజమైన ఫెడరల్ యూనియన్ కావాలన్నారు. 1961 జూన్‌లో టౌంజీలో అన్ని రాష్ట్రాల వాళ్ళూ కూర్చుని అదే తీర్మానించారు. దాని మీద మాట్లాడటానికే 1962 ఫిబ్రవరిలో ఊ ను రంగూన్‌లో సదస్సు పిలిచాడు. గద్దెలు వదిలేసి మూడేళ్ళైన మనుషులు అడుగుతున్నది గద్దెలు కాదు.

బర్మాక్యాంప్ లక్ష్మి:
ఆ తర్వాతది మాకు తెలుసు. 1962 మార్చి 2 తెల్లవారుజామున నే విన్ కుట్ర. ష్వే థైక్ గారి ఇంటి మీద సైనికులు పడ్డారు, 17 ఏళ్ళ కొడుకు సావ్ మ్యీ థైక్‌ని కాల్చి చంపారు, ఆయన్ని జైలుకి తీసుకెళ్ళారు, ఆ నవంబర్‌లో జైల్లోనే పోయారు. దేశానికి మొదటి ప్రెసిడెంట్ అండి ఆయన. మాజీ ప్రెసిడెంట్‌కే ఆ గతి పడితే మామూలు మనిషి సంగతేంటని రంగూన్‌లో ఉన్న మా వాళ్ళు భయంతో బిగుసుకుపోయారట. ఆ మరుసటి ఏడాది నుంచి బ్యాంకులు, దుకాణాలు, వ్యాపారాలు అన్నీ జాతీయం చేశారు. భారతీయులు కట్టుబట్టలతో ఓడలెక్కారు. మా తాత కూడా ఆ ఓడల్లోనే వచ్చాడు. సావ్‌ఫాల కథ వేరు, మా కథ వేరు అనుకోకండి, ఒకే చెయ్యి రెండిటినీ రాసింది.

గద్వాల మాధవి:
లక్ష్మి గారూ, చదువుతుంటే గుండె పట్టేసింది. సీపా సావ్‌ఫా సంగతి కూడా ఎవరైనా రాయాలి. సావ్ క్యా సెంగ్. అమెరికాలో కొలరాడోలో మైనింగ్ ఇంజనీరింగ్ చదివాడు, అక్కడే ఇంగే అనే ఆస్ట్రియా అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. తాను సంస్థానాధీశుణ్ణని ఆమెకి చెప్పలేదు, ఓడ రంగూన్ రేవుకి చేరి జనం పూలతో ఎదురొచ్చినప్పుడు తెలిసింది ఆమెకి. ఆమె సీపా మహాదేవి అయింది. ఎర్రమట్టి గారూ, మీరు అడిగిన రైతు ఇక్కడున్నాడు: ఈయన తన కుటుంబపు వరి పొలాలని దున్నుకునేవాళ్ళకే ఇచ్చేశాడు. ఆయన్ని కూడా 1962 మార్చిలోనే పట్టుకెళ్ళారు. ఎక్కడున్నాడో, ఏమయ్యాడో ప్రభుత్వం ఈ రోజుకీ సరైన జవాబు చెప్పలేదు. రెండేళ్ళు ఎదురుచూసి ఆమె ఇద్దరు కూతుళ్ళతో దేశం విడిచింది.

ఎర్రమట్టి:
పొలాలు ఇచ్చేసిన మనిషిని నేను గౌరవిస్తాను, అతణ్ణి మాయం చేసినవాళ్ళని ఏ పేరుతోనూ సమర్థించను. కానీ ముప్పై మందిలో ఒకరు మంచివాడైతే మిగతా సంస్థానాల రైతుల బతుకు మారదు. పుట్టుకతో అధికారం రావడం తప్పు. ఆ మాట మీదే ఉంటాను.

యునాన్ కిరణ్:
కొన్నాళ్ళు చైనాలో యునాన్ వైపు పనిచేశాను, ఆ వైపు తై పాలకుల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. చైనా చక్రవర్తులు వాళ్ళకి తూసి అనే పదవి ఇచ్చేవాళ్ళు, వంశపారంపర్యం, కానీ ముద్ర, పత్రం చక్రవర్తి నుంచి రావాలి. బర్మా వైపూ చైనా వైపూ ఇద్దరికీ కప్పం కట్టిన సంస్థానాలున్నాయి, సిప్సోంగ్‌పన్నా అలాంటిదే, దాని రాజధాని ఇప్పటి జింగ్‌హోంగ్. అక్కడి పాలకుడు సావ్‌ఫా కాదు, చావ్ ఫెండిన్. చివరివాడు దావ్ షిష్యూన్. 1949 తర్వాత గద్దె పోయింది, ఆయన కున్మింగ్‌లో తై భాష మీద పరిశోధకుడిగా స్థిరపడ్డాడు, 2017లో పోయాడు.

బర్మా సరిహద్దులో గన్నాయ్ అనే చోట ఇంకో తై తూసి, దావ్ ఆన్‌రెన్. ఈయన కథ వింటే ఎర్రమట్టి గారు కూడా మెచ్చుకుంటారు. సింగపూర్ నుంచి 1904లో రబ్బరు మొక్కలు తెచ్చి తన ప్రాంతంలో నాటించాడు, చైనాలో రబ్బరు అక్కడే మొదలు. జపాన్ వెళ్ళి చైనా విప్లవ నాయకుడు సున్ యాట్‌సెన్ సంఘంలో చేరాడు. 1911లో తెంగ్‌యుయే తిరుగుబాటు నడిపినవాళ్ళలో ఒకడు. చక్రవర్తి ముద్రతో పదవి పొందినవాడే ఆ చక్రవర్తిని దించడానికి నిలబడ్డాడు.

శివసాగర్ ప్రసాద్:
కిరణ్, ఇది నాకు పూర్తిగా కొత్త. ఒక చిన్న సందేహం పాతపటం గారికి. సావ్‌ఫా అవ్వాలంటే షాన్ అయి తీరాలా?

పాతపటం:
అక్కర్లేదు ప్రసాద్ గారూ. టాంగ్‌పెంగ్ సావ్‌ఫాలు షాన్‌లు కారు, పలాంగ్‌లు, కొండల మీద తేయాకు పండించే జనం, రాజధాని నామ్‌సాన్. బాడ్విన్ వెండి, సీసం గనులు కూడా ఆ సంస్థానంలోవే. కోకాంగ్‌లో యాంగ్ కుటుంబం చైనీయులు, చాలాకాలం సెన్వీ కింద ఉండి, 1947లో సావ్‌ఫా హోదా తెచ్చుకున్నారు. అందుకే సావ్‌ఫాలని షాన్ జాతి రాజులు అని ఒక్క మాటలో తేల్చెయ్యకూడదు. లోయలో ఉన్న పాలకుడు షాన్, చుట్టూ కొండల మీద పలాంగ్, పవో, లాహు, వా జనం, వాళ్ళందరూ తమ తమ పెద్దల ద్వారా సావ్‌ఫాకి పన్ను కట్టేవాళ్ళు. ఆ పేచీలు ఇప్పటికీ తెగలేదు, ఇవాళ షాన్ రాష్ట్రంలో అన్ని సాయుధ సంస్థలు ఉండటానికి అదీ ఒక కారణం.

కోనసీమ రవి:
ఇంత రాస్తారని ఊహించలేదు, అందరికీ చాలా చాలా థాంక్స్. ఒక్కటే మిగిలింది. ఇప్పుడు ఆ కోటలు, ఆ కుటుంబాలు ఏమయ్యాయి? మళ్ళీ గద్దె కావాలని ఎవరైనా అడుగుతున్నారా?

చియాంగ్‌మాయ్ శేఖర్:
కెంగ్‌టుంగ్ కోటని 1991లో సైనిక ప్రభుత్వం కూలగొట్టేసింది. ఊళ్ళో జనం వద్దని మొత్తుకున్నా వినలేదు, అక్కడ హోటల్ కట్టారు. యాంగ్‌హ్వే కోట ఇన్లే సరస్సు దగ్గర న్యాంగ్‌ష్వేలో ఉంది, టేకు చెక్క భవనం, మ్యూజియం చేశారు. మధ్యలో కొన్నాళ్ళు సావ్‌ఫాల వస్తువులు తీసేసి బుద్ధ మ్యూజియంగా మార్చారు కూడా. కూలగొట్టనిదాన్ని పేరు మార్చి దాచేశారు.

పాతపటం:
గద్దె అడిగినవాళ్ళని నేను చూడలేదు రవి గారూ. ష్వే థైక్ చనిపోయాక మహాదేవి పిల్లలతో థాయిలాండ్ చేరి, 1964లో విడి విడి దళాలని కలిపి షాన్ స్టేట్ ఆర్మీ ఏర్పాటు చేయడంలో ముందు నిలిచింది, 2003లో కెనడాలో కన్నుమూసింది. కొడుకు చావ్ జాంగ్ యాంగ్‌హ్వే రంగూన్ యూనివర్సిటీలో ఇంగ్లీషు చెప్పేవాడు, అడవికి వెళ్ళి ఏళ్ళ తరబడి ఆ సైన్యంలో పనిచేశాడు, తర్వాత కెనడాలో పీహెచ్‌డీ చేసి, 2004లో పోయేదాకా బర్మాలోని అన్ని జాతుల వాళ్ళతో కూర్చుని ఫెడరల్ రాజ్యాంగం చిత్తుప్రతుల మీద పనిచేశాడు. ఎర్రమట్టి గారూ, సావ్‌ఫా కొడుకు రాసిన ఆ చిత్తుల్లో సావ్‌ఫాలకి కేటాయించిన సీట్లు లేవు.

ఎర్రమట్టి:
అయితే ఆయనతో నాకు పేచీ లేదు.